నేర్చిన చేయి నేర్పవలెను

ధ్యానమునకు వాక్యభాగము: నిర్గమకాండము 35:25-35



అరణ్యములో ప్రత్యక్షపు గుడారము నిలువబెట్టవలసిన దినములలో దేవుడు తన ప్రజలయొద్ద బంగారము, వెండి, సన్నపు నార మాత్రమే అడుగలేదు. పనివారిని పేరుపెట్టి పిలిచెను. యూదా గోత్రపు బెసలేలును పిలిచి, అతనిని తన ఆత్మతోను, జ్ఞానముతోను, చేతిపని నేర్పుతోను నింపెను. అదే అధ్యాయములో స్త్రీలు తమ చేతులతో నూలు వడికి తెచ్చిరని వ్రాయబడియున్నది. బోధించుట, ప్రార్థించుట మాత్రమే ఆత్మీయమని, వడుకుట, అల్లుట, కుట్టుట లోకసంబంధమని మనము అనుకొందుము. వాక్యము అట్లు చెప్పుట లేదు. నూలు వడికిన చేతి నేర్పు కూడ దేవుని యొద్దనుండి వచ్చినదే.

అయితే 34వ వచనములో ఇంకొక మాట యున్నది. మనము తరచుగా దానిని చదివి దాటిపోవుదుము. బెసలేలునకును అతని తోడివాడైన అహోలీయాబునకును దేవుడు పని చేయు వరముతో కూడ, ఇతరులకు నేర్పవలెనను బుద్ధిని అనుగ్రహించెను. పని చేయుట ఒక వరము, నేర్పుట వేరొక వరము. మొదటిది ఉండి రెండవది లేనియెడల, ఆ పని ఆ మనిషితోకూడ సమాధిలోనికి పోవును. ఈ సంగతిని గ్రహించుటకు ఇంగ్లండు దేశపు పల్లెలలో పుట్టిపెరిగిన ఒక చేతిపనిని మీ యెదుట ఉంచుచున్నాను. అది దిండుమీద కండెలతో అల్లు లేసు పని.

మన గోదావరి తీరమున నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల తల్లులకు లేసు క్రొత్త సంగతి కాదు. గత శతాబ్దమునకు ముందటి శతాబ్దములో మిషనెరీలు ఈ జిల్లాలకు లేసు పనిని తెచ్చిరి. అయితే మన స్త్రీలు అల్లునది ఒక దారముతో, ఒక కొక్కెపు సూదితో. నేను చెప్పు ఇంగ్లీషు లేసు అట్టిది కాదు. అందులో సూది లేదు, కొక్కెము లేదు. గడ్డి దట్టించి కుట్టిన గట్టి దిండు ఒకటి, దానిమీద రంధ్రములు పొడిచిన తోలుకాగితము ఒకటి, ఇత్తడి గుండుసూదులు, దారము చుట్టిన సన్నని కండెలు. ఇంతియే సామగ్రి. కండెలను కఱ్ఱతోనో ఎముకతోనో చేయుదురు. బెడ్‌ఫర్డు, బకింగ్‌హాము, నార్తాంప్టను జిల్లాలలో ప్రతి కండె చివరను గాజుపూసలు కట్టుదురు. ఆ బరువు దారమును బిగువుగా ఉంచును. డెవను జిల్లాలోని హానిటను లేసు పనివారు పూసలు కట్టరు. వారి కండెలు నున్నగా, కొన సన్నగా ఉండును. ఏలయనగా వారు అల్లిన దాని గుండా కండెను దూర్చవలసి యుండును.

ఈ పని నేర్చుకొన వచ్చినవారికి మొదట నేర్పునవి రెండే కదలికలు. కండెలు ఎప్పుడును జంటలుగా ఉండును. ఒక్కసారి రెండు జంటలను, అనగా నాలుగు కండెలను చేతబట్టుదురు. ఎడమనుండి లెక్కించి, రెండవ కండెను మూడవ దానిమీదుగా దాటించుట మొదటి కదలిక. రెండవదానిని మొదటిదానిమీదుగాను, నాలుగవదానిని మూడవదానిమీదుగాను వేయుట రెండవ కదలిక. దాటించుట, మెలివేయుట – ఈ రెండే. దాటించి, మెలివేసి, మరల దాటించినయెడల నేసిన బట్టవంటి అల్లిక వచ్చును. దాటించి మెలివేసి విడిచినయెడల జల్లెడవంటి పలుచని అల్లిక వచ్చును. నేర్చుకొనువారు కొద్ది జంటలతో, లావు దారముతో ఆరంభింతురు; ఆరితేరినవారి దిండుమీద నూరు జంటలకు మించియుండవచ్చును. అయినను వారు కూడ ఆ రెండు కదలికలనే చేయుచుందురు. మూడవది లేదు.

సహోదరులారా, మన విశ్వాసజీవితము కూడ ఇట్టిదే కదా! క్రొత్తగా బాప్తిస్మము పొందినవాడు, ‘నాకు చదువు లేదు, నేనేమి నేర్చుకొందును?’ అని దిగులుపడును. ప్రభువు ధర్మశాస్త్రమంతటిని రెండు ఆజ్ఞలలో ఇమిడ్చెను. దేవుని ప్రేమించుట, పొరుగువానిని ప్రేమించుట. మహా భక్తుడును ఈ రెండిటినే చేయుచుండెను. నిన్న మారుమనస్సు పొందిన కూలివాడును ఈ రెండిటినే చేయవలెను. దిండుమీది జంటలు పెరుగును గాని కదలికలు పెరుగవు.

ఆ రంధ్రముల తోలుకాగితము సంగతి వినుడి. నమూనా ఎరిగినవారు ముందుగానే దానిమీద సూదితో పొడిచి యుంచుదురు. నేర్చుకొనువానికి అది చుక్కల గుంపుగా కనబడును గాని, అందులో పువ్వు ఎక్కడనున్నదో, ఆకు ఎక్కడనున్నదో తెలియదు. వాడు చేయవలసినది ఒక్కటే: ఇప్పుడు వచ్చిన రంధ్రములో సూది గ్రుచ్చి, దానిచుట్టు దారమును అల్లి మూయుట. తరువాతి రంధ్రమునకు అప్పుడు పోవలెను. మోషేకు కూడ కొండమీద మాదిరి చూపబడెను (నిర్గమ 25:40). క్రింద నూలు వడికిన స్త్రీలు ఆ మాదిరిని చూడలేదు. అయినను వారి నూలు గుడారములో చేరెను. మన బ్రతుకు మాదిరి మనకు పూర్తిగా చూపబడలేదని సణుగకుందము. నేటి రంధ్రమును నేడు నింపుదము.

గుండుసూదులు ఎందుకు? అల్లిక గట్టిపడువరకు దానిని తన చోట నిలుపుటకు. తొందరపడి సూదులు తీసినయెడల దారము ముడుచుకొని పువ్వు రూపు చెడును. పని చాలదూరము ముందుకు సాగిన తరువాతనే వెనుకనున్న సూదులు ఒక్కొక్కటిగా తీయుదురు. అప్పుడు లేసు తనంతట తాను నిలుచును. సూది లేసు కాదు. కాని సూది లేక లేసు లేదు. ధర్మశాస్త్రము క్రీస్తునొద్దకు నడిపించు బాలశిక్షకునివంటిదని పౌలు గలతీయులకు వ్రాసెను. ఇంటిలో సాయంకాల ప్రార్థన, ఆదివారపు బడి, కంఠస్థము చేయించు వాక్యము – ఇవి బిడ్డల చుట్టు నిలిచిన సూదులు. ‘పిల్లలు పెద్దవారై తామే తెలిసికొందురు’ అని వాటిని ముందుగానే పీకివేయు తలిదండ్రులు మనలో లేరా?

ఇక తప్పు జరిగినప్పుడు ఏమి చేయుదురు? దారము కోయరు. కోసినయెడల పని నష్టపడును. ఏ క్రమములో చేసిరో దానికి తలక్రిందులుగా, సూది తీసి, మెలి విప్పి, దాటినదానిని వెనుకకు దాటించి, తప్పు జరిగిన చోటుకు చేరువరకు వచ్చి, అక్కడనుండి మరల అల్లుదురు. పశ్చాత్తాపమును ఇంతకంటె తేటగా చూపు చేతిపని అరుదు. పాపక్షమాపణ క్రీస్తు రక్తమువలన ఉచితముగా దొరకును. దానిని మనము సంపాదించలేము. అయితే క్షమింపబడిన జక్కయ్య, తాను అన్యాయముగా తీసికొన్నది నాలుగంతలుగా తిరిగి ఇచ్చెదనని లేచి నిలిచెను. అతడు వెనుకకు విప్పుటకు సిద్ధపడెను. పొలము గట్టు జరిపినవాడు గట్టును మరల దాని చోట పెట్టవలెను. మాటతో గాయపరచినవాడు ఆ యింటి గుమ్మమునకే పోవలెను.

ఈ లేసు ఎట్లు ఇంగ్లండు పల్లెలు చేరెను? కండెల లేసు పదునారవ శతాబ్దములో ఇటలీలోను ఫ్లాండర్సులోను పుట్టెను. 1567లో ఆల్వా ప్రభువు సేనతో ఫ్లాండర్సు చేరి ప్రొటెస్టెంటులను హింసింపగా, విశ్వాసము విడువనొల్లక సముద్రము దాటినవారు అనేకులు. వారిలో కొందరు ఈ పనిని వెంట తెచ్చిరని ఆ జిల్లాలలో పరంపరగా చెప్పుకొందురు. హింసింపబడినవాడు ఇల్లు విడుచును, పొలము విడుచును. చేతిలోని నేర్పును, హృదయములోని విశ్వాసమును మాత్రము ఎవరును లాగుకొనలేరు.

బకింగ్‌హాము జిల్లాలో ఓల్నీ అను చిన్న పట్టణమున్నది. ఒకప్పుడు బానిసల ఓడకు కప్తానైయుండి కృపచేత మారిన జాను న్యూటను 1764 నుండి 1780 వరకు అక్కడ సంఘ సేవ చేసెను. అతని సంఘములో లేసు అల్లు బీద స్త్రీలు అనేకులు. అతని స్నేహితుడైన కవి విలియం కౌపరు 1780లో వ్రాసిన ఒక లేఖలో, ఆ చిన్న ఊరిలో దాదాపు 1,200 మంది లేసు పనివారున్నారనియు, అనేకులు ఆకలికి చేరువలో ఉన్నారనియు తెలిపెను. అతడే 1782లో అచ్చైన ‘సత్యము’ అను కావ్యములో, గుమ్మము ముందు దిండును కండెలును పెట్టుకొని అల్లు ఒక పేదరాలిని ఫ్రాన్సు దేశపు మహా మేధావి వోల్టేరు ప్రక్కన నిలిపెను. ఆమెకు తెలిసినది తన బైబిలు సత్యమన్న ఒక్కటే. ఆ మేధావికి తెలియనిది కూడ అదియే అని కవి భావము.

ఆ ఓల్నీకిని మనకును ఒక బంధమున్నది. చెప్పులు కుట్టు పని చేయుచుండిన విలియం కేరీ 1785 ప్రాంతమున ఓల్నీ బాప్తిస్టు సంఘమున చేరెను. ఆ సంఘమే అతనిని సువార్త సేవకు నియమించెను. అతడు 1793లో బెంగాలు చేరెను. శ్రీరాంపూరు ముద్రాలయమునుండి 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. లేసు అల్లువారును చెప్పులు కుట్టువారును ప్రార్థించిన చిన్న సంఘమునుండి బయలుదేరిన పరిచర్య మన భాషను చేరినది. మన పల్లె సంఘము చిన్నదని ఎవరును తల వంచుకొనవద్దు.

అయితే ఈ లేసు కథ అంతయు తెల్లగా లేదు. నేర్పుటలోను పాపము చొరబడగలదు. ఆ జిల్లాలలో లేసు బడులు వెలసెను. అయిదారేండ్ల బిడ్డలను ఇరుకు గదులలో కూర్చుండబెట్టి, దినమెల్ల దిండుమీదికి వంగి పని చేయించిరి. కొన్ని బడులలో గంటకు 600 సూదులు గ్రుచ్చవలెనని నియమించి, తక్కువైనవారిని అదనపు పనికి నిలిపిరని వృత్తాంతములు చెప్పుచున్నవి. లెక్క తప్పకుండుటకు బిడ్డలు పాటలు పాడుచు సూదులు గ్రుచ్చిరి. చలిలో మంట వేసికొనినయెడల పొగకు దారము మాయును గనుక, నిప్పుకణికల కుండను కాళ్లయొద్ద పెట్టుకొనిరి. దారము అమ్మువాడును లేసు కొనువాడును ఒక్కడే యగుటవలన, కూలికి బదులు అతడు సరకులు ఇచ్చినను పుచ్చుకొనవలసి వచ్చెను. 1779లో పార్లమెంటు లేసు పనివారికి కూలి డబ్బుగానే ఇయ్యవలెనని శాసనము చేయవలసి వచ్చెను. బిడ్డల పని గంటలను 1867 నాటి శాసనము కట్టడి చేసెను; 1870 తరువాత చదువు బడులు వ్యాపించి లేసు బడులు మూతపడెను.

1840లో విక్టోరియా రాణి వివాహవస్త్రమునకు డెవను తీరమున బీరు అను గ్రామపు స్త్రీలు లేసు అల్లిరి. రాణి భుజముమీద ఆ లేసు వెలిగెను. అట్టి లేసు అల్లు చేతులలో ఎన్ని చేతులు ఆకలితో వణకెనో దేవుడెరుగును. పనివారికి పట్టియుంచిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదని యాకోబు 5:4లో చదువుచున్నాము. పరలోకమందు లేసు అందము కనబడకమునుపే ఆ మొఱ్ఱ వినబడును. ఇది దూరదేశపు పాత కథ యని ఊరకుండలేము. మన ఊళ్లలో లేసు అల్లు తల్లులు, బీడీలు చుట్టు అక్కలు, నాట్లు వేయు కూలీలు ఉన్నారు. వారికి పని ఇచ్చువారిలోను, నడుమ నిలిచి సరకు కొనువారిలోను సంఘస్థులు కూడ ఉన్నారు. ఆదివారమున చందా వేసి సోమవారమున కూలి తగ్గించు చేతిని ప్రభువు చూచుచున్నాడు. ప్రొద్దు గ్రుంకకమునుపు కూలి ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24:15 ఆజ్ఞాపించుచున్నది.

అదే పని విడుదలకు కూడ మార్గము కాగలదు. 1819లో దక్షిణ తిరువాన్కూరులోని నాగర్కోయిలునకు లండను మిషనుకు చెందిన చార్లెసు మాల్టు, అతని భార్య మార్తమ్మ వచ్చిరి. ఆమె ఆడపిల్లల బడిలో అక్షరములతోకూడ లేసు పనిని నేర్పెను. బానిసత్వములో పుట్టిన కొందరు బాలికలు తమ లేసు సంపాదనతో తమ విడుదలను కొనుక్కొనిరని మిషను వృత్తాంతములలో చెప్పబడియున్నది. ఒకచోట బిడ్డలను కట్టివేసిన దారమే మరియొకచోట సంకెళ్లు విప్పెను. భేదము దారములో లేదు. నేర్పినవారి హృదయములో ఉన్నది. లాభము కొరకు నేర్పినవాడు బిడ్డను వాడుకొనును. ప్రేమచేత నేర్పినవాడు బిడ్డను నిలువబెట్టును.

తరువాత యంత్రము వచ్చెను. 1809లో జాను హీత్‌కోటు లేసు వల నేయు యంత్రమునకు హక్కు పొందెను. ఏండ్లు గడచుకొలది యంత్రపు లేసు చౌకయై, చేతి లేసు అల్లు ఇండ్లు తగ్గిపోయెను. ముసలివారు మరణించుచుండగా వారి కండెలు పెట్టెలలో పడియుండెను. కొన్ని కండెలమీద చిన్న చుక్కలతో పేర్లును, దైవభక్తి మాటలును చెక్కబడియుండెను. పేరు ఉన్నది, ఆ కండెను త్రిప్పు చేయి లేదు. అప్పుడు కొందరు మేలుకొనిరి. 1890ల దశకమున ఆ జిల్లాలలో లేసు సంఘములు ఏర్పడెను. మిగిలియున్న వృద్ధ స్త్రీలయొద్ద కూర్చుండి, వారి చేతులను చూచి, పడుచువారు నేర్చుకొనిరి. 1976లో దేశమంతటికి లేసు పనివారి సంఘమొకటి స్థాపింపబడెను. నేడు ఆ పనివలన పొట్ట పోసికొనువారు అరుదైనను, వారమునకొకసారి కూడుకొని నేర్చుకొనువారును, నేర్పువారును ఉన్నారు. పుస్తకములు ఎన్నియున్నను, ప్రక్కన కూర్చుండి ‘అది కాదమ్మా, ఈ కండె’ అని చూపు వ్రేలు ఉన్నప్పుడే పని త్వరగా చేతికి వచ్చును.

సంఘ పెద్దలారా, తల్లులారా, ఈ మాట మనకే. మీ సంఘములో పాత కీర్తనల రాగములు ఎరిగిన అవ్వ ఎవరు? రోగి మంచము ప్రక్క ప్రార్థించు నేర్పుగల తాత ఎవరు? ఇంటింటికి పోయి వాక్యము చెప్పిన బైబిలు స్త్రీ ఎవరు? వారియొద్ద కూర్చుండి నేర్చుకొనుచున్న బిడ్డ ఎవరు? చివరి ప్రశ్నకు జవాబు లేనియెడల మన సంఘము పెట్టెలో పెట్టిన కండెవంటిది. పేరు చెక్కియుండును గాని త్రిప్పు చేయి ఉండదు. పిల్లల చేతిలో సెల్‌ఫోను ఉన్నదనియు, వారు మన మాట వినరనియు చెప్పుట సులువు. మనము వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొన్నామా అని ముందుగా అడిగికొందము. తిమోతి విశ్వాసము మొదట అతని అవ్వయైన లోయిలోను, తల్లియైన యునీకేలోను నివసించినది. వారు పెద్ద ప్రసంగములు చేసినట్లు వ్రాయబడలేదు. బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొనిరి.

ఆ పల్లెలలో చీకటి సాయంకాలములందు లేసు అల్లువారు ఒక ముక్కాలిపీట చుట్టు కూడుచుండిరి. మధ్య ఒక్క కొవ్వొత్తి వెలుగుచుండెను. దాని చుట్టు నీటితో నింపిన గాజుబుడ్లు ఉండెను. ఆ వెలుగు గాజుబుడ్ల గుండా ప్రసరించి ఒక్కొక్కరి దిండుమీద కూడి పడుచుండెను. కొవ్వొత్తి ఒక్కటే, ప్రతి గాజుబుడ్డి తన యెదుటనున్న దిండును వెలిగించుచుండెను. గాజుబుడ్డికి స్వంత వెలుగు లేదు. తేటగానుండుటయు, వెలుగునకు దగ్గరగానుండుటయు, ఇంకొకరివైపు తిరిగియుండుటయు దాని పని. వెలుగు క్రీస్తే. మనము ఆ గాజుబుడ్లము.

ఈ నెలలో ప్రతి కుటుంబమును ఒక పని చేయుడి. మీకు తెలిసిన ఒక్క కీర్తనను గాని, ఒక్క వాక్యమును గాని, ఒక్క చేతిపనిని గాని ఒక బిడ్డకు నేర్పుడి. తొందరపెట్టవద్దు, కొట్టవద్దు, లెక్కలు కట్టవద్దు. తప్పు చేసినచోటికి ఓర్పుతో వెనుకకు విప్పి, మరల అల్లనియ్యుడి. మీ సూదులు తీయబడు దినము వచ్చినప్పుడు, మీరు అల్లినది నిలుచునట్లు ప్రభువు కృప చూపును గాక.

ప్రార్థన: నేర్పు అనుగ్రహించు తండ్రీ, మా చేతులలో నీవుంచినదానిని మాతోకూడ సమాధికి పోనియ్యకుము. నేర్చుకొనుటకు దీనతను, నేర్పుటకు ప్రేమను దయచేయుము. మా యొద్ద పనిచేయువారి కూలి విషయమై మమ్మును నీతిమంతులుగా నడిపించుము. మా బిడ్డలను నీ వెలుగులో కూర్చుండబెట్టుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.